‘14 రోజుల రిమాండ్ విధించారు’

పేపరు తిరగేస్తే రోజూ ఏదో ఒక మూల కనిపించే వాక్యం: ‘నిందితుణ్ని కోర్టులో హాజరుపరచగా న్యాయమూర్తి 14 రోజుల రిమాండ్ విధించారు.’ జరిమానా విధిస్తారు, శిక్ష విధిస్తారు, పన్ను విధిస్తారు. రిమాండ్ ఆ కోవలోది కాదు. మనిషి పారిపోకుండా, సాక్షుల జోలికి పోకుండా, ఆధారాలు చెరపకుండా చూసుకునే ముందుజాగ్రత్త, అంతే. శిక్షాస్మృతిలోని శిక్షల జాబితాలో అది లేదు. అయినా మన విలేకరుల కలం నుంచి ఆ క్రియాపదమే జారుతుంది. వాళ్లది తప్పని నేననను. ఊళ్లో ఫలానావాడు శ్రీకృష్ణ జన్మస్థానం చూసొచ్చాడంటే కేసు తేలి, శిక్ష పడి వెళ్లొచ్చాడని ఎవరూ అనుకోరు. పోలీసులు పట్టుకెళ్లారు, కొన్నాళ్లు లోపల ఉన్నాడు, బెయిలొచ్చింది. జనం లెక్కలో శిక్ష అయిపోయింది. కేసు మాత్రం ఆ తర్వాత ఏళ్ల తరబడి వాయిదాల మీద నడుస్తూనే ఉంటుంది.

ఆ మాట పట్టుకుని వెళ్తే మన జైళ్లు ఎందుకు కిక్కిరిసి ఉన్నాయో తెలుస్తుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా డిసెంబరు 31 నాటికి జైళ్లలో ఎంతమంది ఉన్నారో లెక్క తీస్తుంది. 2022 చివర ఆ సంఖ్య 5,73,220. అన్ని జైళ్లూ కలిపి పట్టేది 4,36,266 మంది. శిక్ష పడకుండా విచారణ ఖైదీలుగా ఉన్నవాళ్లు 4,34,302 మంది. ఈ చివరి రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. దేశంలోని జైళ్లన్నీ విచారణ ఖైదీలతోనే నిండిపోయాయి. నేరం రుజువై శిక్ష అనుభవిస్తున్న 1.33 లక్షల మంది, అంటే జైలు అనేది ఎవరి కోసం కట్టామని చెప్పుకుంటామో వాళ్లు, ఆ మీద అదనం.

ఇక్కడ ఒక చిత్రముంది. జనాభాతో పోల్చి చూస్తే మన దేశం బుద్ధిమంతుల వరసలోనే నిలబడుతుంది. అమెరికాలో లక్ష మందికి 500 మందికి పైగా జైల్లో ఉంటారు. ఎల్ సాల్వడార్‌లో వెయ్యి దాటిపోయారు. మన దగ్గర నలభై చిల్లర. ఈ అంకె చూసి మనం జనాన్ని జైల్లో పెట్టడంలో పొదుపరులమని చంకలు గుద్దుకునేవాళ్లున్నారు. అమెరికాలో లోపలున్నవాళ్లలో కేసు తేలనివాళ్లు సుమారు నాలుగో వంతు. మన దగ్గర నాలుగింట మూడు వంతులు. వాళ్ల జబ్బు పొడవాటి శిక్షలు. మనది అసలు తీర్పే రాకపోవడం. రెండింటికీ ఒకే మందు పనిచేయదు.

చెరువు లెక్క

జైలు జనాభాను చెరువు మట్టంలా చూడాలి. వాగు ఎంత తెచ్చిపోస్తోంది, తూము ఎంత వదులుతోంది అన్న రెంటి మీదే మట్టం ఆధారపడుతుంది. డిసెంబరు 31న గట్టు మీద నిలబడి కర్ర ముంచి చూస్తే లోతు తెలుస్తుంది గానీ, ఏడాదంతా ఎంత నీరు వచ్చిపోయిందో తెలియదు.

కరోనాకు ముందు ఏడాది, 2019 తీసుకుందాం. ఆ ఏడాది జైళ్లలోకి వచ్చినవాళ్లు సుమారు 18.8 లక్షలు. ఏడాది చివర లోపలున్నది 4.78 లక్షలు. జైళ్లు పట్టేది 4.03 లక్షలు. అంటే ఏడాది చివరి లెక్కలో కనిపించిన ఒక్కో మనిషికీ, ఆ ఏడాదిలో గేటు దాటి లోపలికొచ్చిన మనుషులు దాదాపు నలుగురు. లోపలున్నవాళ్లను వచ్చినవాళ్లతో భాగించి రోజుల్లోకి మారిస్తే, ఒక్కొక్కరు సగటున మూడు నెలలకు కాస్త పైగా ఉన్నట్టు తేలుతుంది. ఇది మోటు లెక్కే. ఒకడు మూడు రోజుల్లో బయటికొస్తాడు, ఇంకొకడు ఏళ్లు గడుపుతాడు. 2022 చివర, విచారణ ఖైదీలుగానే ఐదేళ్లు దాటినవాళ్లు 11,448 మంది ఉన్నారు. సగటు అనేది ఈ ఇద్దరినీ ఒకే తక్కెట్లో వేస్తుంది.

మోటుదైనా ఆ లెక్క ఒక సంగతి చెబుతుంది. 2019లో పట్టే సామర్థ్యానికి మించి ఉన్నవాళ్లు సుమారు 75 వేలు. వాళ్లకు చోటు చూపాలంటే వెయ్యేసి మంది పట్టే జైళ్లు 75 కట్టాలి. లేదా లోపలికొచ్చే ప్రతి మనిషీ సగటున 14, 15 రోజులు ముందుగా బయటికొస్తే చాలు, దేశం మొత్తం మీద కిక్కిరింపు ఆ మేరకు పోతుంది. 14 రోజులంటే ఒక్క రిమాండ్ వాయిదా. ప్రభుత్వాలు ఇటుక, సిమెంటు వైపు చూస్తాయి గానీ ఈ ఒక్క వాయిదా వైపు చూడవు. శంకుస్థాపన చేయడానికి వాయిదా పనికిరాదు కదా.

కరోనా కాలం ఇదే సంగతిని ఇంకో వైపు నుంచి చూపించింది. 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఆదేశంతో రాష్ట్రాలన్నీ ఉన్నతస్థాయి కమిటీలు వేసి, ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో వేలమందిని మధ్యంతర బెయిల్ మీద, పెరోల్ మీద వదిలాయి. జైళ్లు ఖాళీ కావాలి కదా? 2019 చివర 3.30 లక్షలున్న విచారణ ఖైదీలు 2020 చివరికి 3.71 లక్షలు, 2021 చివరికి 4.27 లక్షలు అయ్యారు. కోర్టులు మూతపడి విచారణలు ఆగిపోయాయి, అరెస్టులు ఆగలేదు. తూము బిగుసుకుపోయి, వాగు పారుతూనే ఉంది. తర్వాత కోర్టులు పుంజుకున్నాక మట్టం కొంత దిగింది. 2023 చివరి లెక్కలో మొత్తం ఖైదీలు 5.3 లక్షలకు తగ్గారు. అప్పటికీ నాలుగింట దాదాపు మూడు వంతులు విచారణ ఖైదీలే.

కోర్టులు ఎందుకు నెమ్మదిస్తాయన్నది పాత పాటే. పది లక్షల జనాభాకు 50 మంది న్యాయమూర్తులు కావాలని లా కమిషన్ 1987లో చెప్పింది. ఇప్పటికీ ఇరవై ఒకటి చుట్టూనే ఉన్నాం. కింది కోర్టుల్లో పెండింగ్ కేసులు 4 కోట్లు దాటాయి. దానికి తోడు ఎస్కార్టుకు పోలీసులు లేరు, ఫోరెన్సిక్ రిపోర్టు రాలేదు, సాక్షి రాలేదు. ప్రతి ‘లేదు’కీ ఒక వాయిదా.

గేటు దగ్గర

లోపలికి పోవడం అరెస్టుతో మొదలవుతుంది. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు చేసి తీరాలని చట్టం ఎన్నడూ చెప్పలేదు. అవసరం లేకపోతే నోటీసు ఇచ్చి, పిలిచినప్పుడు రమ్మని పంపేయవచ్చు. అర్నేష్ కుమార్ కేసులో 2014లో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. ఎందుకు అరెస్టు చేయాల్సి వచ్చిందో పోలీసు కాగితం మీద రాయాలి. ఆ కారణం సరైనదేనా అని మేజిస్ట్రేట్ చూడాలి. చూడకుండా రిమాండ్‌కు పంపితే ఇద్దరూ జవాబు చెప్పుకోవాలి. ‘41ఏ నోటీసు ఇచ్చి పంపించారు’ అన్న మాట అప్పట్నుంచే మన ఇళ్లలోకి వచ్చింది. 2024 జులై 1 నుంచి కొత్త చట్టంలో అది 35(3) అయినా, జనం నోట పాత నంబరే నిలిచింది.

చిక్కల్లా ఆ నోటీసు ఎవరి చేతికి అందుతుందన్నదే. ఊళ్లో పలుకుబడి ఉన్నవాడికి 41ఏ, సెల్‌ఫోను దొంగతనం కేసులో దొరికినవాడికి రిమాండ్. ఆ దొంగతనానికి పడగల గరిష్ఠ శిక్ష ఏడేళ్ల లోపే కాబట్టి చట్టప్రకారం ఇద్దరిదీ ఒకే గూడు. విచారణ ఖైదీల్లో మూడింట రెండొంతుల మంది ఎస్సీ, ఎస్టీ, బీసీలే. మూడింట రెండొంతుల మంది పదో తరగతి కూడా చదవనివాళ్లే. చట్టం అందరికీ ఒకటే అయితే జైలు బ్యారక్‌లో ఈ కూర్పు ఎలా వచ్చిందో ఎవరైనా చెప్పాలి.

అరెస్టు చేసిన 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. రాత్రయితే న్యాయమూర్తి ఇంటికే తీసుకెళ్తారు. పోలీసు రాసిన రిమాండ్ రిపోర్టు బల్ల మీదకొస్తుంది. మొత్తం కథలో కీలకమైన ఘట్టం ఇదే, జరిగేదేమో నిమిషాల్లో. పక్కన న్యాయవాది ఉంటే ఒక రకం, లేకపోతే ఇంకో రకం. న్యాయసేవాధికార సంస్థల తరఫున ఉచితంగా న్యాయవాది దొరికే ఏర్పాటుంది. కానీ చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషికి ఆ సంగతి ఎవరో చెప్పాలి. 14 రోజుల తర్వాత చాలాచోట్ల వీడియో తెర మీద ముఖం చూపించడం, ఇంకో 14 రోజులు. అరవై రోజుల్లో, పెద్ద నేరాలైతే తొంభై రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది. మన కోర్టు వరండాల్లో దాన్ని ‘మాండేటరీ బెయిల్’ అంటారు. ఆ రోజు ఎప్పుడొస్తుందో లెక్కపెట్టి, దరఖాస్తు వేసే నాథుడు ఉండాలి. లేకపోతే ఆ హక్కూ కరిగిపోతుంది.

రామోజీ, లక్ష్మోజీ దొరకనివాళ్లు

గోల్కొండ కోటకు వెళ్లినవాళ్లందరూ రామదాసు బందిఖానా చూసే ఉంటారు. సర్కారు సొమ్ముతో భద్రాద్రి గుడి కట్టించాడని కంచర్ల గోపన్నను పన్నెండేళ్లు అక్కడ పెట్టారని, చివరికి రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీ పేర్లతో వచ్చి తానీషాకు బాకీ మొత్తం చెల్లించి విడిపించారని చెప్పుకుంటాం. కథ ఎలా ఉన్నా, అందులో మన బెయిల్ విధానం సారమంతా ఉంది: సొమ్మున్న పెద్దమనుషులు ఇద్దరు వచ్చి నిలబడితేనే తలుపు తెరుచుకుంటుంది.

నేటికీ బెయిల్ ఉత్తర్వుల్లో రివాజు మాట ఇదే: ఇంత మొత్తానికి సొంత బాండు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులు. పదివేలే కదా అనిపిస్తుంది. డబ్బు అప్పటికప్పుడు కట్టక్కర్లేదు కూడా. కానీ ఆ ఇద్దరికీ ఇంటి పన్ను రసీదో, పాసు పుస్తకమో, జీతం పత్రమో ఉండాలి. ఒక పూట కూలి వదులుకుని కోర్టుకు రావాలి. అన్నిటికంటే ముందు, జైలుకెళ్లినవాడి కోసం సంతకం పెట్టే తెగువుండాలి. అద్దె గదిలో ఉంటూ అడ్డా మీద కూలికి పోయేవాడికి అలాంటి ఇద్దరు ఎక్కడ దొరుకుతారు? దొరకరు కాబట్టే కోర్టు బయట షూరిటీల వ్యాపారం పుట్టింది. డబ్బిస్తే ముక్కూమొహం తెలియని మనిషి వచ్చి ‘వీడు మావాడే’ అని సంతకం పెడతాడు. దొంగ రసీదులు, దొంగ రబ్బరు స్టాంపులతో నకిలీ షూరిటీల ముఠాలు పట్టుబడ్డ వార్తలు రెండు రాష్ట్రాల్లోనూ చదువుతూనే ఉంటాం. మనిషి కోర్టుకు తిరిగొస్తాడన్న నమ్మకం కోసం పెట్టిన ఏర్పాటు, డబ్బిచ్చి అబద్ధం కొనుక్కునే ఏర్పాటైంది. డబ్బు లేనివాడు లోపలే.

సుప్రీంకోర్టుకు ఇది కొత్తగా తెలిసిందేమీ కాదు. 1978లో మధ్యప్రదేశ్ నుంచి మోతీరామ్ అనే తాపీ మేస్త్రీ కేసు వచ్చింది. బెయిలిచ్చింది సాక్షాత్తూ సుప్రీంకోర్టే. కింద మేజిస్ట్రేట్ పదివేల జామీను అడిగారు. మేస్త్రీ సోదరుడు ముందుకొస్తే, ఆయన ఆస్తి వేరే జిల్లాలో ఉందని కుదరదన్నారు. జస్టిస్ కృష్ణయ్యర్ ఆ తీర్పులో మనల్ని కూడా తలుచుకున్నారు. ఒక తెలుగువాడో, తమిళుడో, మలయాళీయో, కన్నడిగుడో బస్తర్‌లోనో పోర్టుబ్లెయిర్‌లోనో చాందినీ చౌక్‌లోనో అరెస్టయితే అక్కడ ఆస్తిపాస్తులున్న జామీనుదారుణ్ని ఎక్కణ్నుంచి తెస్తాడని అడిగారు. మోతీరామ్‌ను వెయ్యి రూపాయల సొంత బాండు మీద వదిలేయమన్నారు.

మన శేషాచలం అడవుల్లో ఈ ప్రశ్న తిరగబడి మన ముందుకే వచ్చింది. 2013 డిసెంబరులో తిరుమల కొండల్లో ఇద్దరు అటవీ అధికారుల్ని ఎర్రచందనం ముఠా కిరాతకంగా చంపింది. ఆ కేసులో తమిళనాడు నుంచి వచ్చిన 280 మందికి పైగా కూలీలను నిందితులుగా చేర్చారు. 2016లో తిరుపతి కోర్టు కేసు కొట్టేసే నాటికి వాళ్లలో చాలామంది రెండేళ్లకు పైగా జైల్లోనే గడిపారు. ఆ అధికారుల ప్రాణాలు పోయాయి. చంపినవాళ్లెవరో తేలలేదు. వందల ఇళ్లలో రెండేళ్ల సంపాదన పోయింది. జైలు నిండితే న్యాయం జరిగినట్టు కాదని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

తూము తెరిచే ప్రయత్నాలు

1979లో బీహార్ జైళ్లలో, నేరానికి పడగల గరిష్ఠ శిక్ష కంటే ఎక్కువ కాలం విచారణ ఖైదీలుగానే మగ్గిపోయినవాళ్ల సంగతి పత్రికలో వస్తే, న్యాయవాది కపిల హింగోరాణి సుప్రీంకోర్టు తలుపు తట్టారు. హుస్సైనారా ఖాతూన్ కేసుగా పేరుపడ్డ ఆ వ్యాజ్యంలోనే, త్వరగా విచారణ జరగడం జీవించే హక్కులో భాగమని జస్టిస్ భగవతి చెప్పారు. న్యూయార్క్‌లో 1961లో మొదలైన మన్‌హటన్ బెయిల్ ప్రయోగాన్ని కూడా అందులో ప్రస్తావించారు. అక్కడ విద్యార్థులు అరెస్టయినవాళ్ల దగ్గరికెళ్లి ఇల్లెక్కడ, పనెక్కడ, భార్యాపిల్లలెక్కడ అని అడిగి, ఊళ్లో వేళ్లూనుకున్నవాళ్లను డబ్బు పూచీ లేకుండా వదలమని సిఫార్సు చేశారు. అలా విడుదలైనవాళ్లలో ఎగ్గొట్టినవాళ్లు బహు కొద్దిమంది. ఆ ఆలోచనను ఇంకా ముందుకు తీసుకెళ్లి న్యూజెర్సీ రాష్ట్రం 2017లో డబ్బు బెయిల్‌ను దాదాపు ఎత్తేసింది. విచారణకు ముందు జైల్లో ఉండేవాళ్లు రెండు మూడేళ్లలో 40 శాతం దాకా తగ్గారు. మనం ఆ ప్రయోగాన్ని తీర్పులో తలుచుకుని, ఆచరణలో ఇంటి పన్ను రసీదు దగ్గరే ఆగిపోయాం.

చట్టసభలు మాత్రం మనిషి వేళ్ల సంగతి వదిలి రోజుల లెక్క పట్టుకున్నాయి. గరిష్ఠ శిక్షలో సగం కాలం లోపలే గడిపితే వదలాలని 2005 సవరణ చెప్పింది. 2024లో వచ్చిన ఆ కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 479వ సెక్షన్‌తో దాన్ని, అంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాళ్లకు మూడో వంతుకు తగ్గించింది. గడువు నిండగానే కోర్టుకు దరఖాస్తు పంపే బాధ్యతను జైలు సూపరింటెండెంటు మీద పెట్టింది. పాత కేసులకూ ఇది వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంతవరకు బాగుంది. అదే సెక్షన్‌లో రెండో ఉపనిబంధన చదివితే ఉత్సాహం చల్లబడుతుంది. ఒకటి కంటే ఎక్కువ నేరాలో, కేసులో పెండింగ్‌లో ఉంటే ఈ వెసులుబాటు లేదు. ఒక్క సెక్షన్‌తో ఎఫ్ఐఆర్ రాసే స్టేషను ఎక్కడుంది? మరణశిక్ష, యావజ్జీవం పడగల నేరాలను ముందే పక్కన పెట్టేశారు.

గంజాయి కేసుల్లో ఈ లెక్క మరీ విడ్డూరంగా ఉంటుంది. 20 కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం. శిక్ష పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల దాకా. ఛార్జిషీటుకు గడువు 180 రోజులు. బెయిలివ్వాలంటే, ఇతడు నేరం చేయలేదనడానికి తగిన కారణాలున్నాయని, బయటికెళ్లి మళ్లీ చేయడని న్యాయమూర్తికి ముందే నమ్మకం కలగాలి. ఇరవై ఏళ్లలో మూడో వంతంటే ఆరేళ్ల ఎనిమిది నెలలు! అంతకాలం గడిపాక వచ్చే వెసులుబాటును వెసులుబాటు అనగలమా? రెండు తెలుగు రాష్ట్రాల జైళ్లనూ మొత్తంగా చూస్తే 2022 లెక్కల్లో నూరు శాతం లోపే నిండాయి. ఢిల్లీ, ఉత్తరప్రదేశ్, ఉత్తరాఖండ్‌లలో 180 చుట్టూ ఉంది కాబట్టి మనం నయమే. కానీ విశాఖ కేంద్ర కారాగారం కిక్కిరిసిందంటే కారణం మన్యం నుంచి మైదానానికి దిగే గంజాయి. పట్టుబడేది మూట మోసినవాడు, బండి నడిపినవాడు. పెట్టుబడి పెట్టినవాడు ఆ దారిన నడవడు.

శిక్ష పడ్డవాళ్ల విషయంలో చెప్పుకోదగ్గ పనులు కొన్ని మన దగ్గరే జరిగాయి. అనంతపురం దగ్గర, చర్లపల్లిలో ఆరుబయలు జైళ్లున్నాయి. చంచల్‌గూడ పెట్రోలు బంకులో పంపు పట్టుకున్నది ఖైదీ అని హైదరాబాదులో చాలామందికి తెలుసు. తెలంగాణ కొన్ని సబ్‌జైళ్లను ఖైదీలు తగ్గారని మూసేసింది కూడా. చిన్న దొంగతనం, తాగి అల్లరి చేయడం వంటి కొన్నింటికి సమాజ సేవను శిక్షగా కొత్త న్యాయసంహిత చేర్చింది. ఇవన్నీ నలుగురిలో ఒకడికి సంబంధించినవి. మిగతా ముగ్గురూ ఆరుబయలు జైలుకు అర్హులు కారు, క్షమాభిక్షకు అర్హులు కారు. ఎందుకంటే వాళ్లకు ఇంకా శిక్షే పడలేదు. నేరం ఒప్పుకుంటే గడిపిన కాలాన్నే శిక్షగా లెక్కేసి ఈ సాయంత్రమే పంపేస్తారని తెలిసినప్పుడు, చేయని తప్పును ఒప్పుకునేవాళ్లుంటారంటే ఆశ్చర్యం లేదు.

బెయిలొచ్చీ డబ్బు లేక లోపలున్నవాళ్ల గురించి 2022 నవంబరులో రాష్ట్రపతి ముర్ము బహిరంగంగా మాట్లాడాక కేంద్రం ఒక పథకం తెచ్చింది. పేద విచారణ ఖైదీ పూచీకి రూ.40 వేల దాకా, జరిమానా కట్టలేని శిక్షాఖైదీకి రూ.25 వేల దాకా సర్కారే ఇస్తుందని మొదట ప్రకటించారు. పథకం వాడండి అంటూ రాష్ట్రాలకు హోంశాఖ పదేపదే ఉత్తరాలు రాయాల్సి వచ్చింది. నాకైతే ఆశ్చర్యమనిపించలేదు. పేదవాడికి లేనిది సొమ్ము మాత్రమే కాదు, సంతకం పెట్టే మనిషి.

బెయిల్ ఉత్తర్వు జైలు దాకా చేరడం కూడా ఒక యాత్రే. 2021లో ఆగ్రా జైల్లో పదమూడు మందికి సుప్రీంకోర్టు బెయిలిచ్చినా కాగితం అందలేదని కదలనివ్వలేదు. ఈ కాలంలో కూడా ఉత్తర్వులు తెచ్చే పావురాల కోసం ఆకాశం వంక చూస్తున్నామని అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి.రమణ విసుక్కుని, ఉత్తర్వులు ఎలక్ట్రానిక్‌గా పంపే ‘ఫాస్టర్’ ఏర్పాటు తెచ్చారు. ఆ తర్వాత 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇంకొన్ని ఆదేశాలిచ్చింది. బెయిల్ ఉత్తర్వును అదే రోజో, మర్నాడో జైలుకు ఈమెయిల్ చేయాలి. వారంలో మనిషి బయటికి రాకపోతే సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు చెప్పాలి. స్థానిక జామీనుదారే కావాలని పట్టుబట్టకూడదు. మోతీరామ్ తీర్పు వచ్చిన నలభై అయిదేళ్లకు అదే మాట మళ్లీ చెప్పాల్సి వచ్చింది. నెల రోజులైనా జామీను కుదరకపోతే, షరతు సడలించాలేమో కోర్టే తనంతట తాను చూడవచ్చు.

నెల రోజులంటే రెండు రిమాండ్ వాయిదాలు, పైన ఇంకో రెండు రోజులు. అదీ బెయిల్ వచ్చాక.